వైండింగ్ షాపు: అయస్కాంతాన్ని ఎటు తిప్పి అంటించాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూస్తే గోదావరి జిల్లాల్లో సగం మంది ఇంట్లోనే కరెంటు తీసే పనిలో ఉన్నట్టున్నారు. పంపుసెట్ల మీద రెండు, ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఒకటి వచ్చాయి గాని వాటిని వచ్చే నెలకి జరిపాను. ఈసారి అంతా అయస్కాంతాల గొడవే. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను ఇంజనీరుని కాను. పాలకొల్లులో కాలవ గట్టు మీద 38 ఏళ్లు మోటార్లకి వైండింగ్ చేశాను. లెక్కలు మా అబ్బాయి పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. దెబ్బలు సొంతంగా తిన్నాను.

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. నేను డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం గాలిమరకి జనరేటర్ చేశాను. ప్లైవుడ్ చక్రం మీద 12 నియోడిమియం (చాలా బలమైన అయస్కాంతం) బిళ్లలు అంటించాను. ఒక్కోటి 40 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం, ఎన్42 రకం (బలాన్ని బట్టి పెట్టిన గ్రేడు). అన్నీ 240 మి.మీ. వలయం మీద ఉన్నాయి. ఎదురుగా 9 కాయిల్స్, ఒక్కోదానికి 70 చుట్లు. డ్రిల్లింగ్ మెషీన్‌తో 300 ఆర్‌పీఎం తిప్పినా మీటరు వోల్టు దాటడం లేదు. బలమంతా కాయిల్ వైపే రావాలని అన్నిటికీ ఉత్తర ధ్రువమే పైకి పెట్టాను. నాకు నకిలీ అయస్కాంతాలు అంటగట్టారంటారా? సబ్మిషన్ మూడు వారాల్లో ఉంది. టెన్షన్‌గా ఉందండి. (ముమ్మిడివరం)

జవాబు: బాబూ, సరుకు మంచిదే, అమ్మినవాణ్ణి తిట్టకు. "అన్నిటికీ ఉత్తర ధ్రువమే పైకి పెట్టాను" అని రాశావు చూడు, నీ వోల్టులు అక్కడ పోయాయి.

ఒక కాయిల్ తీసి చేతిలో పట్టుకో. మధ్యలో బెజ్జం, దానికి అటొక కాలు, ఇటొక కాలు. అయస్కాంతం ఒక కాలు మీదుగా వెళ్లినప్పుడు ఆ తీగల్లో కరెంటుకి ఒక తోపు పుడుతుంది. నీ వలయం మీద ఒక బిళ్ల నడుమ నుంచి పక్క బిళ్ల నడుమకి దూరం సుమారు 63 మి.మీ. నీ కాయిల్ ఎడమ కాలికీ కుడి కాలికీ మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే ఎడమ కాలి మీదకి ఒక ఉత్తరం వచ్చిన క్షణానే కుడి కాలి మీదకి ఇంకో ఉత్తరం వస్తోంది. రెండు కాళ్లలోనూ తోపు ఒకే వైపు. తీగ చుట్టు తిరిగి వచ్చింది కదా, ఒక కాలులో పైకి పోయిన కరెంటు రెండో కాలులో కిందికి దిగాలి. రెండూ పైకే తోస్తే మధ్యలో ఎదురుపడి చల్లారిపోతాయి.

తిరగలి గురించి మీ అమ్మమ్మగారిని అడుగు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని విసిరేవారు. ఈవిడ తోసేటప్పుడు ఆవిడ లాగాలి. ఇద్దరూ ఒకేసారి తమ వైపుకి లాగారనుకో, రాయి కదలదు, కందులు కందుల్లాగే ఉంటాయి. నీ కాయిల్‌లో జరుగుతున్నది అదే.

కాబట్టి ఒక బిళ్ల ఉత్తరం పైకి, దాని పక్కది దక్షిణం పైకి, మళ్లీ ఉత్తరం, మళ్లీ దక్షిణం. 12 కూడా మారుమారుగా రావాలి. ఎడమ కాలి మీద ఉత్తరం ఉన్నప్పుడు కుడి కాలి మీద దక్షిణం ఉంటుంది, ఒకరు తోస్తే ఒకరు లాగుతారు. పాత మోపెడ్ మాగ్నెటో విప్పి చూడు, ఫ్లైవీల్ లోపల ఇదే వరస కనిపిస్తుంది. 12 బిళ్లలకి 9 కాయిల్స్ అన్న లెక్క ఎవరు చెప్పారో గాని సరిగ్గా చెప్పారు. నాలుగు ధ్రువాలకి మూడు కాయిల్స్ చొప్పున పెడితే మూడు ఫేజులు చక్కగా వస్తాయి. కాయిల్స్ జోలికి పోకు.

ఇక ప్లైవుడ్. ఇది చదవగానే నా భాగోతం గుర్తొచ్చింది. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమ కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మా అత్తవారి ఊరు అక్కడే. స్తంభాలు పడిపోయి చాలా రోజులు కరెంటు లేదు. సైకిలు తొక్కి ఒక చిన్న బల్బుకీ రేడియోకీ సరిపడా కరెంటు తీస్తానని మామగారికి మాటిచ్చాను. అప్పట్లో నియోడిమియం మన పాలకొల్లులో ఎక్కడ దొరుకుతుంది? పెళ్లిళ్లకి మైకులు అద్దెకిచ్చే షాపులో పాడైన స్పీకర్లు 8 తెచ్చాను. వాటి వెనకుండే నల్లటి ఫెర్రైట్ రింగుల మీద నా కన్ను. స్పీకరు విప్పకముందు మధ్య సందులో స్క్రూడ్రైవర్ పెడితే గట్టిగా పట్టేసింది, ఊడలాగడానికి రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. సుత్తితో కొట్టి, ఇనుప ముక్కలు విడదీసి, రింగు చేతికొచ్చాక అదే స్క్రూడ్రైవర్ పెట్టాను. చిటికెన వేలితో తోస్తే ఊడి పడింది.

దెబ్బలకి అయస్కాంతం చచ్చిపోయిందనుకున్నాను. చావలేదు. స్పీకరులో రింగు కింద ఒక ఇనుప ప్లేటు, నడుమ ఇనుప బొడ్డు, పైన ఇంకో ఇనుప ప్లేటు ఉంటాయి. రింగులోంచి బయల్దేరిన బలాన్ని ఆ ఇనుము దారిపట్టించి, మిల్లీమీటరో రెండో ఉండే సందులో గుమ్మరిస్తుంది. ఆ ఇనుమునే నేను పాతసామాన్లవాడికి కిలోల్లెక్కన అమ్ముకున్నాను. రింగులు చెక్క మీద అంటించి చెమట కారేలా తొక్కితే బల్బులో తీగ ఎర్రబడనైనా లేదు. మా మామగారు మర్యాదస్తులు, ఒక్క మాట అనలేదు. కిరసనాయిలు లాంతరు వెలిగించి తెచ్చి నా పక్కన పెట్టారు.

అయస్కాంతం ఒక ముఖంలోంచి బయల్దేరింది తిరిగి రెండో ముఖానికి చేరాలి. గాలిలో ఆ ప్రయాణం కష్టం, ఇనుములో సుళువు. ప్లైవుడ్ దాని దృష్టిలో గాలితో సమానం. డెల్టాలో పుట్టినవాడివి, నీకు చెప్పాలా? పంట కాలవలో నీరు ఎంత వచ్చినా మురుగు డ్రెయిన్ పూడిపోతే చేను మునుగుతుందే గాని నీరు నడవదు. బిళ్లల వెనక ఇనుప ప్లేటు ఉంటే, పక్క బిళ్ల వ్యతిరేక ధ్రువం కాబట్టి, వెనక దారి మొత్తం ప్లేటులోనే పూర్తయిపోతుంది.

నీ కొలతలు పెట్టి లెక్క వేశాను. బిళ్ల ముఖానికి 8 మి.మీ. ఎదురుగా, అంటే కాయిల్ మందంలో సరిగ్గా నడుమ చూద్దాం. ప్లైవుడ్ మీద ఒంటరి బిళ్ల అక్కడ 0.19 టెస్లా ఇస్తుంది (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). వెనక ఇనుప ప్లేటు వస్తే అదే బిళ్ల, అదే చోట 0.29 ఇస్తుంది. కాయిల్స్‌కి అవతలి వైపు ఉత్త ఇనుప చక్రం ఒకటి, బిళ్లలేమీ లేకుండా పెట్టినా 0.4 దాకా పోతుంది. ఆ అవతలి చక్రం మీద కూడా 12 బిళ్లలు, ఇటు ఉత్తరానికి అటు దక్షిణం ఎదురయ్యేలా అంటిస్తే 0.6 చుట్టుపక్కలకి వస్తుంది. ఇవి కాగితం మీద లెక్కలు. పక్క బిళ్లల మధ్య కారిపోయేది కొంత పోతుంది. అయినా తేడా చూడు, నువ్వు కొన్న బిళ్లలు ఒకటే, వాటికి ఇచ్చిన దారిని బట్టి 0.19 నుంచి 0.4 దాకా. ఆ పైన ఇంకో డజను కొంటే మూడింతలు.

డబ్బుకి ఇబ్బందైతే ఇప్పటికి ఉత్త ఇనుప చక్రమే పెట్టు. అది కూడా బిళ్లల చక్రంతో కలిసి ఒకే ఇరుసు మీద తిరగాలి. కదలకుండా బిగించావంటే దానిలోనే సుడి కరెంట్లు పుట్టి, ప్లేటు వేడెక్కి, చక్రానికి బ్రేకు వేసినట్టవుతుంది. అలా పెట్టినా 300 ఆర్‌పీఎంకి ఫేజుకి 10 వోల్టుల దాకా రావాలి. రెండువైపులా బిళ్లలుంటే 15 దాకా వస్తుంది.

ప్లేటు 8 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) తీసుకో. 300 మి.మీ. చక్రం ఒక్కోటి నాలుగున్నర కిలోలు తూగుతుంది. మెరుస్తుందని గిన్నెల రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోవద్దు, దానికి అయస్కాంతం అంటదు. ప్లేటు మందం చాలిందో లేదో తెలియాలంటే బిళ్లలు అంటించాక వెనకవైపు చిన్న మేకు పెట్టు. గట్టిగా పట్టుకుంటే ఇనుము నిండిపోయి బలం వెనక్కి పొర్లిపోతోందని లెక్క. కాయిల్స్‌ని రెజిన్‌లో పోసిన పోత మందం 13 మి.మీ. దాటనివ్వకు, అటూ ఇటూ ఒకటిన్నర మి.మీ. సందు వదులు. అంతకన్నా ఒక్కో మిల్లీమీటరు పెంచిన కొద్దీ వోల్టులు పోతుంటాయి.

పాత బిళ్లలు ప్లైవుడ్ నుంచి ఊడదీసేటప్పుడు వేడి పెట్టకు. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, చల్లారాక పూర్తిగా తిరిగి రాదు. సుత్తి కూడా వద్దు, గాజులా పెంకులెగురుతాయి. కొయ్య మేకుతో పక్కకి జరుపుతూ ఊడదియ్యి. రెండు వైపులా బిళ్లలున్న చక్రాలు దగ్గరకొచ్చేసరికి వాటి మధ్య లాగుడు రెండు క్వింటాళ్లు దాటుతుంది. మన ధాన్యం బస్తా 75 కిలోలు అనుకుంటే మూడు బస్తాలు నీ వేళ్ల మీద. మూడు త్రెడ్ రాడ్లు పెట్టి, నట్లు ఒక్కో చుట్టూ సమంగా వదులుతూ దింపాలి. నా ఎడమ చేతి ఉంగరపు వేలి గోరు ఇప్పటికీ వంకరే.

ప్రశ్న: అయ్యా, మాది రొయ్యల సాగు. చెరువు గట్టు మీద కాపలా పాకలో రెండు ఎల్ఈడీ బల్బులకి చిన్న గాలిమర పెడదామని 20 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న బిళ్లలు 96 తెప్పించాను. నాలుగేసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే నాలుగింతల బలం వస్తుందా? (ఉండి)

జవాబు: రాదండి. మీరు తెప్పించింది ఎన్42 అనుకుంటే ఒక్క బిళ్ల ముఖం నడుమ 0.29 టెస్లా ఉంటుంది. రెండు పేరిస్తే 0.46. మూడు పేరిస్తే 0.54. నాలుగుకి 0.58. మీరు వంద పేర్చినా 0.65 దాటదు. మొదటి బిళ్లకి వచ్చినంత లాభం నాలుగో బిళ్లకి రాదు, దాని ఖరీదు మాత్రం మొదటిదాని ఖరీదే. పై బిళ్లకి కాయిల్ దగ్గర, అడుగు బిళ్లకి దూరం, అంతే సంగతి.

ఇనుప ప్లేటు మీద పెడితే ఇంకో చిత్రం ఉంది. ఇనుము అద్దంలా పనిచేస్తుంది, వెనక ఇంకో బిళ్ల ఉన్నట్టే లెక్క. అంటే ప్లేటు మీద రెండు పేరిస్తే నాలుగు పేర్చినట్టే. అందుకని మీ 96 ఇలా సర్దండి. రెండేసి పేర్చి దొంతర కట్టండి. అలాంటి దొంతర్లు రెండు, ఒకే ధ్రువం పైకి ఉండేలా, ఇరుసు వైపు ఒకటి, అంచు వైపు ఒకటి వరసగా పెట్టండి. అది ఒక ధ్రువం. ఆ పక్కది వ్యతిరేకం. ఒక్కో చక్రానికి 12 ధ్రువాలు, రెండు చక్రాలు, 96 బిళ్లలూ సరిపోయాయి. ఒకే ధ్రువం ఉన్న రెండు దొంతర్లు పక్కపక్కన పెట్టేటప్పుడు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, మధ్యలో చిన్న కొయ్య ముక్క పెట్టి జిగురు ఆరేదాకా క్లాంపు వేయండి.

గాలి సంగతి కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. సెకనుకి 3 మీటర్ల గాలిలో చదరపు మీటరుకి ఉండేదే 16 వాట్లు. 6 మీటర్ల గాలికి అది 130 అవుతుంది, వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిదింతలు. చెరువు గట్టు తెరిపిగా ఉంటుంది కాబట్టి మీకు కొంత నయం. కొబ్బరితోట చాటున పెడితే మాత్రం ఏ అయస్కాంతమూ ఆదుకోదు.

ప్రశ్న: నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. హాల్‌బాక్ వరస అనే అమరికలో అయస్కాంతాల బలం ఒకవైపే పోగవుతుందని చదివాను. ఇంటి జనరేటర్‌కి అది మేలు కాదా? ఇనుప ప్లేట్ల బరువు తప్పుతుంది కదా? (అమలాపురం)

జవాబు: మాస్టారూ, చాలా మంచి ప్రశ్న, నా పాత గాయం కూడా. 1973లో మాలిన్సన్ అనే ఆయన ఈ ఒకవైపు బలాన్ని ముందు చూపించారు. 1980ల్లో క్లాస్ హాల్‌బాక్ అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కణాలని పరుగెత్తించే యంత్రాల కోసం దీన్ని వాడుకలోకి తెచ్చారు, పేరు ఆయనకి దక్కింది. మొదటి బిళ్ల ఉత్తరం పైకి, రెండోది పక్కకి, మూడోది కిందికి, నాలుగోది రెండో పక్కకి, ఇలా పావు తిప్పు చొప్పున తిప్పుకుంటూ పోతే ఒక ముఖం మీద బలం పెరుగుతుంది, రెండో ముఖం దాదాపు ఖాళీ అవుతుంది.

పిల్లలకి చూపించాలంటే ఖర్చు లేని పని ఒకటుంది. ఫ్రిజ్‌కి అంటించే మెత్తటి రబ్బరు బొమ్మ తీసి, బొమ్మవైపు తలుపుకి ఆనించండి. జారిపోతుంది. నల్లటి వైపు అంటుకుంటుంది. అలాంటివి రెండు తెచ్చి నల్ల ముఖాలు కలిపి మెల్లగా లాగండి. ఒక దిక్కుకి లాగితే టకటకమని పళ్ల మీద జారినట్టుంటుంది, ఇంకో దిక్కుకి లాగితే నున్నగా పోతుంది. ఆ టకటకలు లోపలి ధ్రువాల చారలు. రెండు రూపాయల బొమ్మలో ఇంత చదువుంది.

జనరేటర్ దగ్గరకొస్తే నా మాట వద్దనే. బరువు గ్రాముల్లెక్కన చూసుకునే చోట, సౌరశక్తి పందెం కార్ల చక్రాల మోటార్ల వంటి వాటిలో, ఇనుము వదిలించుకోవడానికి ఈ వరస వాడారు. మనది స్తంభం మీద కూర్చునే యంత్రం, ఐదు కిలోలు ఎక్కువైతే ఏం? పక్కకి తిప్పిన బిళ్లలు సగం ఉంటాయి, అవి చేసే పని లేత్ షాపులో కోయించిన ఇనుప ప్లేటు చేస్తుంది. పైగా హాల్‌బాక్ వరసలో ఏ బిళ్లా తన చోట ఉండటానికి ఇష్టపడదు. 10 మి.మీ. ఘనాలు 8 తెచ్చి ఒకసారి ప్రయత్నించాను. రాత్రంతా క్లాంపు వేసి ఉంచి, పొద్దున్న కాఫీ తాగి వచ్చి విప్పాను. మూడోది లేచి రెండోదాని నెత్తిన కూర్చుంది. ఏడోది ఎటు పోయిందో సాయంత్రం దాకా తెలియలేదు, బల్ల కింద వైసుకి అంటుకుని ఉంది. క్లాసులో చూపించడానికి చేస్తే మాత్రం అల్యూమినియం పట్టీలో గళ్లు కోయించి, పైన మూత బిగించి చేయండి.

ప్రశ్న: బాబాయిగారూ, మా ఆయన ఫోన్లో వీడియో చూసి, అయస్కాంతాలు గుండ్రంగా పేరిస్తే ఫ్యాను దానంతటది తిరిగి ఇంటికంతా కరెంటిస్తుందంటున్నారు. ఒకాయన 12 వేలకి ఆ మెషీన్ అమ్ముతాడట. నేను లేసు అల్లి దాచుకున్న డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వనా? (నరసాపురం)

జవాబు: ఇవ్వకమ్మా. డబ్బు పెట్టె తాళం చెవి కూడా కొన్నాళ్లు కొంగుకి కట్టుకో.

అయస్కాంతాల్ని ఏ వరసలో పేర్చినా, ఏ కోణంలో వంచినా, ఒక చుట్టు తిరిగి మొదటికొచ్చేసరికి అవి లాగినదీ తోసినదీ సరిసమానం. మిగిలేది సున్నా, అందులోంచి బేరింగు రాపిడి పోవాలి. మీ ఆయన చిన్నప్పుడు సైకిలుకి డైనమో ఉండే ఉంటుంది, అడుగు. ఏటిగట్టు మీద చీకట్లో డైనమోని టైరుకి ఆనించగానే పెడలు బరువెక్కేది. ఆ దీపం మొత్తం 6 వోల్టులు, 3 వాట్లు. కరెంటు తీసిన కొద్దీ తిప్పే చేతికి ఎదురు తిరగడం దాని స్వభావం. దీన్ని లెంజ్ అనే ఆయన 1834లోనే చెప్పారు. 3 వాట్లకే కాళ్లు లాగితే ఇంటికంతా సరిపడా కరెంటు ఎవరూ తొక్కకుండా ఎలా వస్తుంది? వీడియోలో బల్ల కింద బ్యాటరీ ఉంటుంది.

అమ్మేవాడు మరీ బతిమాలితే, మెషీన్ తెచ్చి మీ వాకిట్లో 60 వాట్ల బల్బు సాయంత్రం నుంచి తెల్లవార్లూ వెలిగించి చూపించమను. పొద్దున్నే డబ్బిస్తానను. రాడు. మీ ఆయన చేతులు ఊరుకోకపోతే పాడైన బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే రకం) సీలింగ్ ఫ్యాను ఒకటి పాత సామాన్లలో కొనిపెట్టు. అందులో అయస్కాంతాలు మారుమారుగా అమర్చే ఉంటాయి. బోర్డు తీసేసి, మోటారు నుంచి వచ్చే మూడు తీగల్లో రెండిటికి ఒక రెసిస్టరు, చిన్న ఎల్ఈడీ కలిపి చేత్తో తిప్పితే వెలుగుతుంది. చెయ్యి తీస్తే ఆరిపోతుంది. అంతకన్నా నేను చెప్పేదేముంటుంది!

ప్రశ్న: మా దగ్గర పాత ఏరియేటర్ (చెరువు నీటికి గాలి పట్టించే మెషీన్) చక్రాలున్నాయి. కాలవలో ఆనించి తిప్పితే జనరేటర్ నడుస్తుందా? స్పీడు చాలకపోతే అయస్కాంతాలు పెంచాలా, చెయిన్ వేయాలా? (లొల్ల)

జవాబు: చెయిన్ వేయాలండి. కాలవ సెకనుకి ఒక మీటరు నడుస్తోందనుకుందాం, అది మంచి నడకే. మీటరు అడ్డం ఉన్న చక్రం రెక్కలు అందులో సగం వేగంతో కదిలితే నిమిషానికి 10 చుట్లు. పైన ముమ్మిడివరం కుర్రాడి మెషీన్ 300 చుట్లకి 15 వోల్టులు ఇస్తే 10 చుట్లకి ఇచ్చేది అర వోల్టు. ధ్రువాలు రెట్టింపు చేసినా వోల్టు. సైకిలు ముందు పళ్లచక్రం 48, వెనకది 18. ఆ జత మూడుసార్లు వేస్తే 19 రెట్లు పెరిగి 190 చుట్లు వస్తాయి, అప్పుడు బ్యాటరీ ఎక్కించే మాట మాట్లాడవచ్చు. అర చదరపు మీటరు రెక్క నీళ్లలో ఉంటే అందులో ఉండే శక్తి 250 వాట్లు, మీ చేతికి వచ్చేది 50 వస్తే సంతోషించండి. వేసవిలో కాలవలు కట్టేస్తే అదీ ఉండదు. ఇరిగేషన్ వాళ్లని అడగకుండా మాత్రం కాలవలో ఏమీ దింపకండి.

ప్రశ్న: సముద్రం పక్కన ఉంటాం. ఏడాది తిరక్కుండా నియోడిమియం బిళ్లలు ఉబ్బి, బూడిదలా రాలి, కాయిల్స్‌ని గీరేశాయి. (అంతర్వేది)

జవాబు: ఆ బిళ్లలో ఎక్కువ భాగం ఇనుమే. పైన నికెల్ పూత ఎక్కడ చిన్న పెచ్చు లేచినా ఉప్పు గాలి లోపలికి దిగుతుంది. ఈసారి చక్రాన్ని పూర్తిగా రెజిన్‌లో పోత పోయండి, బిళ్లల పైన కూడా పలచని పొర రావాలి, అంచుకి స్టెయిన్‌లెస్ పట్టీ. పెచ్చు లేచిన బిళ్ల ఎంత బలంగా ఉన్నా వాడకండి. లేదా ఫెర్రైట్‌కి వెళ్లండి. దాని బలం నియోడిమియంలో మూడో వంతు. మెషీన్ పెద్దది చేయాలి, గాని తుప్పు పట్టదు.

ప్రశ్న: బిళ్లల మీద గుర్తులు చెరిగిపోయాయి. ఏది ఉత్తరమో ఎలా తెలుస్తుంది? దిక్సూచి లేదు. (పాలకొల్లు)

జవాబు: మన ఊరివాళ్లకి సుళువు. బిళ్లని నిలువుగా ఉండేలా కుట్టుదారంతో వేలాడదీసి ఊగడం ఆగేదాకా ఉండండి. ధవళేశ్వరం మనకి ఉత్తరంగా ఉంది. బ్యారేజీ వైపు చూసే ముఖం ఉత్తర ధ్రువం. దాని మీద మార్కరుతో చుక్క పెట్టి, మిగతా బిళ్లల్ని దానికి అంటించి చూసుకోండి. చుక్క ముఖానికి అతుక్కున్న ముఖం దక్షిణం. దారం కట్టేది మాత్రం ఇనుప బీరువాకి దూరంగా కట్టండి. నేను ఒకసారి బీరువా పక్కన కట్టి 24 బిళ్లలకీ చుక్కలు తిరగేసి పెట్టాను.